రైలు లేని రోడ్డు మీద రైలు తీశాను, ఇది డాక్యుమెంటరీ కాదంటున్నారు

కాలువగట్టు_ఎడిటర్
బెజవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ఇరవై ఏళ్లుగా అదే పని. ఏ పెళ్లిలో ఎవరు ఏడ్చారో, ఎవరు అలిగి భోజనానికి రాలేదో నాకు తెలిసినంతగా వాళ్ల చుట్టాలకు కూడా తెలియదు. ఆ పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మూడేళ్లుగా నా సొంత కథ ఒకటి తీస్తున్నాను. 22 నిమిషాలు వచ్చింది.

విషయం దాచకుండా చెప్తాను. 1989లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు బెజవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం. మేడ మీద గదిలో ఒకతను అద్దెకుండేవాడు. లెక్కలు చెప్తానని పైకి పిలిచేవాడు. ఏడాది పైనే సాగింది. అంతకు మించి ఇక్కడ రాయను. సినిమాలో కూడా చూపించలేదు.

చూపించినవన్నీ నాకు కలలో వచ్చేవి. మెట్లు. వెలగబోయి ఆగి, మళ్లీ వెలగబోయే ట్యూబులైటు. మెట్ల మీద మోకాలిలోతు కాలువ నీళ్లు. రైలు పోతుంటే వంటింట్లో స్టాండు మీద గలగలమనే గిన్నెలు. ఆ రైలు కోసం తెల్లవారుజామున మూడింటికి బీఆర్టీఎస్ రోడ్డు (బస్సులకని వేసిన వెడల్పు రోడ్డు) మీద షూట్ చేసి, గోడల మీద రైలు కిటికీల వెలుగు పరుగెత్తేలా చేశాను. అతను మెట్లెక్కే సీనుకి మనిషిని పెట్టలేదు. కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు ఎక్కే మనిషి ఉంటాడు చూడండి, ఆ బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఫ్రేము ఫ్రేముగా తీశాను.

పోయిన ఆదివారం గుంటూరులో తెలిసినవాళ్లు పదిహేను మంది కూర్చుంటే వేశాను. అయిపోయాక ఒక పెద్దమనిషి, "ఇంటర్వ్యూ లేదు, కాగితం లేదు, ఆ మనిషి ఫొటో లేదు. బీఆర్టీఎస్ రోడ్డు మీద రైలేందయ్యా? ఇది డాక్యుమెంటరీ కాదు, నీ పీడకల" అన్నాడు. అమ్మకి అంతకుముందే చూపించాను. ఏడో నిమిషంలో లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఇంకెవరికైనా చూపించాలా, హార్డ్‌డిస్కులో పడేసి ఊరుకోవాలా? 40 సెకన్ల ముక్క కింద పెట్టాను.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
టైటిల్ చూసి ఏదో జోకేద్దామని వచ్చాను. చదివాక చెయ్యి ఆడలేదు. తర్వాత వస్తా.

మిర్చియార్డ్_మూర్తి
బాధ అర్థమైంది. కానీ ఆ పెద్దమనిషి అడిగినదాంట్లో తప్పేముంది? డాక్యుమెంటరీ అంటే చూసేవాడు నమ్మాలి. నిన్న రాత్రి యార్డులో నా మిర్చి బస్తాలన్నీ క్వింటాలు లక్ష చొప్పున పోయినట్టు నాకూ కలొచ్చింది. దాన్ని కూడా డాక్యుమెంటరీ అని వేస్తే ఊరుకుంటారా?

అరండల్‌పేట_అక్క
మూర్తిగారూ, మిరపకాయల ధరకీ దీనికీ పోలికా? తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ గదిలోకి ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాలా? ఇలాంటిది జరిగేదే తలుపు వేశాక. కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

మిర్చియార్డ్_మూర్తి
పోలిక బాగోలేదు, ఒప్పుకుంటున్నా. ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోను.

కట్_టు_ఏలూరురోడ్
ముక్క చూశాను. బొమ్మ మెట్లెక్కే షాట్ దగ్గర ఒళ్లు జలదరించింది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో షోకేసులో ఉన్న బొమ్మే అది. ఇక దానివైపు మామూలుగా చూడలేను, థాంక్స్.

డాక్యుమెంటరీ అవునా కాదా అన్నదానికి: 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో 'ప్రొసెషన్' అని ఒకటి వచ్చింది. చిన్నప్పుడు అమెరికాలో చర్చి ఫాదర్ల చేతిలో నలిగిపోయిన ఆరుగురు మగవాళ్లు, మధ్యవయసుకి వచ్చాక, తమ జ్ఞాపకాల్నీ పీడకలల్నీ చిన్న చిన్న సీన్లుగా వాళ్లే రాసుకుని, వాళ్లే నటించి తీసుకుంటారు. పక్కన డ్రామా థెరపిస్టు ఉంటుంది. దాన్ని డాక్యుమెంటరీ అనే అన్నారు. ఎందుకంటే కెమెరా పట్టుకున్నది ఆ సీనుని కాదు, ఆ సీను తీస్తున్నప్పుడు ఆ మనిషికి ఏమవుతోందో దాన్ని. మీ దాంట్లో నాకు లోటనిపించింది కూడా అదే. బొమ్మ కనిపిస్తోంది కానీ బొమ్మని జరిపే మీ చెయ్యి కనిపించడం లేదు.

కాలువగట్టు_ఎడిటర్
చెయ్యి ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ ఆ టేక్ పారేశాను. పెళ్లి వీడియోల అలవాటు, కెమెరామన్ నీడ కూడా పడకూడదు మాకు. పారేసినవి ఇంకా డిస్కులోనే ఉన్నాయి. ఆలోచిస్తా.

గోంగూర_జోన్
నాకో డౌటు. మగపిల్లాడు కదా. నలభై దాటాక కూడా ఇదంతా పట్టుకుని కూర్చోవడం అవసరమా? మా రోజుల్లో ఎన్ని జరగలేదు, అన్నీ దులుపుకుని పోయాం.

బ్రాడీపేట_లాయరమ్మ
జోన్ గారూ, 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగింది. అందులో మన ఆంధ్రా కూడా ఉంది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు. వాళ్లలో మగపిల్లలు 52.94 శాతం. సగం కంటే ఎక్కువ మగపిల్లలే. "అన్నీ దులుపుకుని పోయాం" అని మీరన్నారు. ఏం దులుపుకున్నారో నేను అడగను, మీరు చెప్పక్కర్లేదు. కానీ ఆ మాట మళ్లీ ఒకసారి చదువుకోండి.

గోంగూర_జోన్
...

బీసెంట్‌రోడ్_బాబ్జీ
జోన్ అన్నా మూడు చుక్కలు పెట్టాడంటే మామూలు విషయం కాదు. ఎవరూ గుచ్చకండి.

పాత_సత్యనారాయణపురం
ఈ వేదికలో రాయడం ఇదే మొదలు. మనవడి చేత టైపు చేయించడం ఇష్టం లేక నేనే కొడుతున్నాను, తప్పులుంటే మన్నించండి.

గుంటూరు పెద్దమనిషికి తెలియకపోవచ్చు. బీఆర్టీఎస్ రోడ్డు వేసింది పాత రైలు పట్టాలు తీసేసిన జాగాలోనే. సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు వెళ్లేది. గేటు పడితే రిక్షాలన్నీ ఆగిపోయేవి. మాది పట్టాలకి రెండు ఇళ్ల అవతల. రైలు వస్తే ముందు కిటికీ రెక్కలు, ఆ తర్వాత స్టాండు మీద గిన్నెలు, ఆఖరున గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం మోగేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నిద్రపట్టేది కాదు. పట్టాలు తీసేశాక మరీ పట్టలేదు.

మీ ముక్క చూడలేదు, ఫోనులో తెరుచుకోలేదు. విన్నాను. అది మా గిన్నెల చప్పుడే.

కాలువగట్టు_ఎడిటర్
అమ్మా, ఇది మూడుసార్లు చదివాను. గిన్నెలు మోగేవని నేను ఎప్పుడన్నా "కలగన్నావు" అనేది మా అమ్మ. ఆ చప్పుడు నేనే ఊహించుకున్నానేమో అని చాలా ఏళ్లు అనుకున్నాను. అదే ఊహ అయితే మిగతాది కూడా ఊహేనేమో అని. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

మిర్చియార్డ్_మూర్తి
రైలు విషయంలో నేనూ ఆ పెద్దమనిషి వైపే ఉన్నాను, తప్పయింది. బెజవాడ వచ్చిన ప్రతిసారీ ఆ రోడ్డు మీదే పోతాను, అంత వెడల్పుగా, తిన్నగా ఎందుకుందా అని ఎప్పుడూ అనుకోలేదు.

అయినా ఒక మాట. రైలు ఉందన్నంత మాత్రాన జ్ఞాపకాలన్నీ కరెక్టని అర్థమా? ఇది ఈయన మీద అనుమానంతో అడగడం లేదు.

నైట్‌డ్యూటీ_నర్సు
మంచి ప్రశ్నే. మానసిక వైద్య విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. రెండు వైపులా చెప్తాను.

భయంతో బిగుసుకుపోయినప్పుడు మనసు చాలాసార్లు సంగతుల్ని వరసగా దాచుకోదు. ఏ నెల, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అనేవి చెదిరిపోతాయి. వాసన, చప్పుడు, వెలుతురు మాత్రం అతుక్కుపోతాయి. అందుకే ఇలాంటివాళ్లని తేదీలు అడిగితే తడబడతారు, ట్యూబులైటు గురించి అడిగితే గంటసేపు చెప్తారు. తడబడ్డారని అబద్ధం అనుకోకూడదు.

రెండో వైపు. కళ్లకి కట్టినట్టు గుర్తుందంటే అచ్చంగా అలాగే జరిగిందని కాదు. పక్కనుంచి పదేపదే అందిస్తూ, ఊహించుకోమంటూ అడిగితే జరగనిది కూడా గుర్తుకొచ్చినట్టు అనిపిస్తుంది, అది పరిశోధనల్లో తేలిన విషయమే. ఈయనది అలాంటి కేసు కాదు, ఎప్పుడూ మర్చిపోలేదు కాబట్టి. కానీ మీ కల వినగానే "నీకూ ఏదో జరిగి ఉంటుంది" అనే సలహాదారులు ఆన్‌లైన్‌లో ఎక్కువయ్యారు, అందుకని చెప్తున్నా.

ఎడిటర్ గారూ, నాకు మీ విషయంలో టెన్షన్ వేరే. ఎడిటింగ్ అంటే ఒకే షాటుని వందసార్లు చూడాలి కదా. అర్ధరాత్రి, ఒంటరిగా. సినిమా తీయడం వైద్యం కాదు. కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా?

కాలువగట్టు_ఎడిటర్
ఉన్నారు, ఏడాదిన్నరగా వెళ్తున్నాను. అంతకుముందు ఏడాదిన్నర ఒక్కడినే తీశాను, అది తప్పే. నిద్ర పోయింది, పెళ్లి ఆల్బమ్‌లు లేటయ్యాయి, ఒక పార్టీ అడ్వాన్సు వెనక్కి తీసుకుంది.

వందసార్లు చూడటం గురించి. నా చేతి కింద స్పేస్‌బార్ ఉంటుంది. ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది. తొమ్మిదేళ్లప్పుడు అది లేదు.

నాలుగో_లైను
నాది ఇలాంటిది కాదు, దెబ్బలు. ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టల్, రెండేళ్లు. స్టడీ అవర్‌లో నిద్రపోతే చెక్క స్కేలు నిలువుగా తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు వార్డెన్. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "ర్యాంకు వస్తే అన్నీ పోతాయి" అన్నాడు. ర్యాంకు వచ్చింది. అవి పోలేదు. ఇప్పటికీ కలలో బెల్లు మోగుతుంది, లేచి కూర్చుంటాను. మా ఆవిడ "స్టడీ అవరా?" అంటుంది, నవ్వుకుని పడుకుంటాం.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, పిల్లల్ని కొట్టకూడదని 17వ సెక్షన్‌లో ఉంది. అది పద్నాలుగేళ్లలోపు వాళ్లకే. ఇంటర్ పిల్లలు అందులోకి రారు. అంటే కొట్టేవాడికి వయసు లెక్కలు బాగా కలిసొచ్చాయి.

సినిమా నాకు చేతకాదు. హాస్టల్ గదుల ప్లాన్లు గీస్తుంటాను, అలవాటుగా. ప్రతిదాంట్లో తలుపు ఒకటి ఎక్కువ పెడతాను.

అరండల్‌పేట_అక్క
నాలుగో లైనూ, ఆ ప్లాన్లు పెట్టు నాయనా ఇక్కడ.

కట్_టు_ఏలూరురోడ్
ఒక చిన్న సంగతి. ముక్క 31వ సెకనులో మెట్ల మీద తలవంచుకుని కూర్చున్న బాబు ఎవరు? బాగా చేశాడు.

కాలువగట్టు_ఎడిటర్
మా అక్క కొడుకు. ఎనిమిదేళ్లు. దాగుడుమూతల సీను అని చెప్పాను.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇది మాత్రం నాకు నచ్చలేదు. వాడికి నిజం చెప్పలేదు. రేపు పెద్దయ్యాక తను ఏ సినిమాలో ఎవరిలా కూర్చున్నాడో తెలుస్తుంది. మీ అక్కకి తెలుసా?

కాలువగట్టు_ఎడిటర్
అక్కకి సగమే తెలుసు.

కట్_టు_ఏలూరురోడ్
'ప్రొసెషన్'లో కూడా చిన్నప్పటి పాత్రలకి ఒక అబ్బాయినే పెట్టారు. కానీ అతనికి తెలుసు, ఆ పెద్దవాళ్లంతా అతన్ని కనిపెట్టుకుని ఉంటారు. తెలియకుండా కూర్చోబెట్టడం వేరే.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
ఎడిటరన్నా, కోపం తెచ్చుకోకు. నిన్నూ అప్పుడు లెక్కలనే చెప్పి పైకి పిలిచారు కదా.

అరండల్‌పేట_అక్క
బాబ్జీ, అంత మాట అనాలా? ఆ రాక్షసుడికీ ఈయనకీ పోలికా?

కాలువగట్టు_ఎడిటర్
అక్కా, ఫరవాలేదు, అననివ్వండి. రాత్రి ఒంటిగంట నుంచి దాన్ని చూస్తూ కూర్చున్నాను. షాట్ తీసేశాను. ఒరిజినల్ క్లిప్ కూడా చెరిపేశాను. వాడి స్థానంలో మెట్ల మీద ఒక జత చెప్పులు పెడతాను, అంతే.

బ్రాడీపేట_లాయరమ్మ
మంచి పని. అడగకపోయినా చట్టం సంగతి చెప్పి వెళ్తాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న. ఆడా మగా తేడా లేదు. మీది 1989 నాటి మాట, కాబట్టి పోక్సో వర్తించదు. అప్పటి శిక్షాస్మృతిలో అత్యాచారం సెక్షన్ ఆడవాళ్లకే, మగపిల్లాడికి జరిగితే మిగిలేది 377, ప్రకృతి విరుద్ధ నేరాల సెక్షన్. మూడేళ్లకు మించి శిక్షపడే నేరాలకి కేసు పెట్టడానికి కాలపరిమితి లేదు, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. ఇన్నేళ్ల తర్వాత నిలబెట్టడం కష్టం, అది కూడా నిజమే. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఎవరూ తొందరపెట్టకూడదు.

అతని పేరూ ముఖమూ చూపించకపోవడం తెలివైన పని. క్రిమినల్ పరువునష్టం కేసులో "నిజమే చెప్పాను" అంటే సరిపోదు, ప్రజాహితం కోసం చెప్పానని కూడా చూపించాలి. ఇంకొకటి, అతని చుట్టూ ఇప్పుడు పిల్లలెవరైనా ఉన్నట్టు తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందనో, జరగబోతోందనో తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పాల్సిందే, పోక్సో 19వ సెక్షన్. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చేయొచ్చు.

కాలువగట్టు_ఎడిటర్
అతను పోయి ఆరేళ్లయింది. పెద్దకర్మ కార్డు మా ఇంటికి కూడా వచ్చింది. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది. నేను మూడేళ్ల కిందట మొదలుపెట్టడానికి అదే కారణం అనుకుంటా.

ముఖం గురించి చెప్పాలి. 1989లో మా పిన్ని పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది. పంక్తిలో అతను పులిహోర వడ్డిస్తూ వస్తాడు. నేను కూర్చుని ఆకు వైపే చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చేసరికి టేపు మీద బూజు పట్టి బొమ్మ చెదిరిపోతుంది. నేను బ్లర్ చేయలేదు. బూజే తినేసింది. ఆ తొమ్మిది సెకన్లు అలాగే పెట్టాను. మూర్తిగారూ, నా సినిమా మొత్తంలో ఉన్న కాగితం అదొక్కటే.

మిర్చియార్డ్_మూర్తి
అది చాలయ్యా. ముందే చెప్పి ఉంటే ఇన్ని వాదించేవాడిని కాదు. గుంటూరులో మళ్లీ వేస్తే నాకు చెప్పు, వస్తా. ఆ పెద్దమనిషి పక్కనే కూర్చుంటా.

కృష్ణలంక_కింగ్
ఆ రోజుల్లో ఆ వీధుల్లో మేడ మీద అద్దెకుండి లెక్కలు చెప్పినాయనంటే నాకు ఒకాయన గుర్తొస్తున్నాడు. ఆయన పేరు [మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్
ఇక్కడ డిటెక్టివ్ పనులు వద్దు. ఆ కాలంలో మేడ మీద అద్దెకున్నవాళ్లూ, లెక్కలు చెప్పినవాళ్లూ వందలమంది. ఇంకో పేరు పడితే థ్రెడ్ మూసేస్తాను.

చదువుతూ కలతపడినవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గోంగూర_జోన్
రెండు రోజుల కిందట మూడు చుక్కలు పెట్టి వెళ్లాను. ఆ నంబరుకి చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. అంతే, ఇంకేం చెప్పను.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
చెప్పక్కర్లేదన్నా.

అరండల్‌పేట_అక్క
ఎడిటర్ గారూ, మీ అమ్మ సంగతి. నాకు పదకొండేళ్లప్పుడు జరిగింది నేను మా అమ్మకి ముప్పై ఆరేళ్లకి చెప్పాను. "నాకెందుకు చెప్పావే" అంది. ఏడాది మాట్లాడుకోలేదు. తర్వాత అర్థమైంది, ఆవిడ నన్ను నమ్మక కాదు. నమ్మితే ఆ రోజు తను ఏ గదిలో ఉందో లెక్కేసుకోవాలి. అది ఆవిడ చేతకాలేదు. పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టి 22 నిమిషాలు చూడమంటే ఎవరైనా లేచిపోతారు.

పాత_సత్యనారాయణపురం
అమ్మాయి చెప్పింది నిజం. మేం కింద వంటింట్లోనే ఉండేవాళ్లం. రైలొస్తే గిన్నెలు పట్టుకునేవాళ్లం పడకుండా. పైన ఏమవుతోందో వినపడేది కాదు.

కట్_టు_ఏలూరురోడ్
పై పోస్టు చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

కాలువగట్టు_ఎడిటర్
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. చెప్పుల షాట్ తీశాను. బొమ్మని జరిపే నా చెయ్యి ఉన్న టేకులు మూడు తిరిగి పెట్టాను, చేతిలో వణుకు కనిపిస్తోంది, ఉండనిచ్చాను. అక్కకి మిగతా సగం చెప్పాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, మూడోరోజు టిఫిన్ క్యారేజీతో వచ్చింది.

అమ్మకి సినిమా మళ్లీ చూపించలేదు. నిన్న మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతోంది. లాప్‌టాప్ మూత వేసే ఉంచి సౌండ్ ట్రాక్ ఒక్కటే పెట్టాను, రైలు, గిన్నెలు. చేట ఆపింది. చాలాసేపు వింది. తర్వాత, "ముందు పాలగిన్నె మోగేది. నువ్వు పెట్టినదాంట్లో అది లేదు" అంది.

అంతకంటే ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ పాలగిన్నె ఇంకా అటక మీద ఉందట. ఆదివారం దింపి దాని చప్పుడు రికార్డు చేయాలి.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
నిచ్చెన ఉందా? మా షాపులో పదడుగులది ఉంది, తెస్తా.